వల ఉయ్యాలకు నేను పెట్టిన కాళ్లు

మా గల్లీలో మ్యాన్‌హోల్ పొంగితే నీళ్లకంటే ముందు కంపు వస్తుంది. నీళ్లు ఇంకా గడప అవతలే ఉంటాయి, కంపు మాత్రం వంటగదిలోకి వచ్చి అన్నం గిన్నె పక్కన కూర్చుంటుంది. దాని వెనక బొద్దింకలు. ఆ తర్వాత నీళ్లు, నల్లగా, నురగతో, ఎవరెవరి ఇళ్లలోంచో బయలుదేరిన సమస్తాన్నీ మోసుకుంటూ.  హైదరాబాద్ పాతబస్తీలోని బహదూర్‌పురాలో ఈ రెండు గదుల్లో పదహారేళ్లుగా అద్దెకుంటున్నాం, నేనూ నా భార్యా. పిల్లలు లేరు. ప్రతి వానాకాలం ఇంకో ఇల్లు చూసుకుందామనుకుంటాం, దసరా వచ్చేసరికి మర్చిపోతాం.

నా పని ధూల్‌పేట్‌లో. వినాయకుడి విగ్రహాలకు లోపల కర్రల చట్రం కడతాను. బయటినుంచి చూసేవాళ్లకు బొజ్జ కనిపిస్తుంది, కిరీటం కనిపిస్తుంది, రంగులు కనిపిస్తాయి. వాటన్నిటినీ మోసే కర్రలు నావి, అవి ఎవరికీ కనిపించవు. ముప్పై ఏళ్లుగా అదే పని. చెయ్యి తిరిగినవాణ్నని మా విగ్రహాల షెడ్డులో పేరు. ఆ పేరు చూసుకుని నేను ఎంత మురిసిపోయేవాణ్నో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పని నుంచి వచ్చేటప్పుడు చొక్కా జేబులో కర్రలకు కొట్టే ఇనుప మొలలు మిగిలిపోతాయి. రాగానే చొక్కా విప్పి తలుపు వెనక తగిలించడం అలవాటు. ఒకరోజు జేబులోంచి ఒక మొల జారి నేల మీద పడింది. నా భార్యకు షుగర్. కాళ్లకు స్పర్శ తగ్గి చాలా రోజులైంది. ఆ మొల మీద కాలు వేసి, అది దిగిన సంగతే తెలియక, పొద్దంతా ఇల్లంతా తిరిగింది. సాయంత్రం బండల మీద ఎర్రటి చుక్కలు చూసి, ఎలుకను పిల్లి పట్టిందేమో అనుకుందట. కాలెత్తి చూస్తే చిటికెన వేలి మొదట్లో నా మొల.

నెల తిరిగేసరికి అది పుండైంది. సర్కారు దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూసి, ఆమెతో కాకుండా నాతో చెప్పాడు. "కాలు కింద పెట్టనీయొద్దు. మురికినీళ్లు అసలే తగలొద్దు. మల్ల తగిలినయంటే ఇగ వేలుతోని పోదు, పాదమే తియ్యాల్సొస్తది." నేను తలూపాను. డాక్టరు చెబుతున్నంతసేపూ నేను గోడ మీద ఉన్న క్యాలెండర్ వైపే చూస్తున్నాను. పుండు వైపు చూడలేకపోయాను.

ఈ మాట రాయడానికి సిగ్గేస్తుంది, అయినా రాయక తప్పదు. నాకు ఆ కాలంటే రోత. పుండు వాసన ఒక రకం తియ్యటి వాసన, కుళ్లిన సపోటా పండు దగ్గర నిలబడ్డట్టుంటుంది. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే ఆ పూట నాకు తిండి దిగేది కాదు. కట్టు మార్చే పని పిన్నిలాంటి పక్కింటి ఖాలా చేసేది. ఆమె ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి, అరవై దాటాయి. పొద్దున్నే నమాజు అయ్యాక వచ్చి, సెలైన్‌తో పుండు కడిగి, మందు రాసి, కొత్త కట్టు కట్టేది. అప్పుడు నేను పాలప్యాకెట్ కోసం బయటికి పోయేవాణ్ని. ఒక్క పాలప్యాకెట్‌కు అరగంట. ఖాలా ఒకరోజు గుమ్మంలోనే నిలదీసింది. "నీ బీవీ కాలే గదా బేటా, పరాయోళ్లదా? జర ఇట్ల రా, పట్టుకో." షెడ్డుకు టైమవుతోందని చెప్పి జారుకున్నాను.

నా భార్యకు అన్నీ తెలుసు. నేను గదిలోకి వస్తే చాలు, కొంగు లాగి పాదం మీద కప్పుకునేది. ఏమీ అనేది కాదు. ఏదైనా అంటే బాగుండేది, నేనూ రెండు మాటలు అని తేలికపడేవాణ్ని.

ఆపైన నల్లులు. మాది పాతకాలం కర్ర మంచం, నవారు అల్లినది. నవారు సందుల్లో నల్లులు కాపురం పెట్టాయి. వేడినీళ్లు పోశాను, మందు కొట్టాను, ఎండలో పెట్టాను. రెండు రోజులు ఊరుకుని మళ్లీ వచ్చేవి. దుప్పటి మీద చుక్కచుక్కలుగా మరకలు, చిదిమితే వచ్చే ఆ పాడు వాసన. కాలు కదపకుండా పడుకున్న మనిషిని అవి పీక్కు తింటుంటే, ఒకరోజు ఆ మంచాన్ని ఎత్తి గల్లీ చివర చెత్త దగ్గర పారేసి వచ్చాను. మడత మంచం తెచ్చాను. దాని ఇనుప కడ్డీ సరిగ్గా ఆమె మడమకు ఒత్తుకుంది. ఇంకో పుండుకు దారి తీస్తుందని ఖాలా దాన్ని ఆ రోజే వాపసు ఇప్పించింది. బండల మీద చాప వేసి పడుకోబెడదామంటే మ్యాన్‌హోల్ ఎప్పుడు పొంగుతుందో ఎవరికీ తెలియదు.

జంతువుల పార్కు దారిలో ఫుట్‌పాత్ మీద వల ఉయ్యాలలు అమ్ముతారు. నైలాన్ తాళ్లతో అల్లిన పెద్ద వలలు, మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. అవి చూడగానే మనసు లేచింది. నల్లులు చేరడానికి కర్ర లేదు, మడమకు ఒత్తుకునే కడ్డీ లేదు. నేల మీద మురికి ఎంత ఉన్నా మనిషి పైన ఉంటుంది. ఆకుపచ్చ రంగుది ఒకటి కొని, చంకలో పెట్టుకుని, ఏదో గెలుచుకొచ్చినవాడిలా ఇంటికి వచ్చాను.

కట్టడానికి జాగా ఏది? స్లాబుకు ఉన్న కొక్కేన్ని లాగి చూస్తే అరచేయంత పెచ్చు ఊడి నా భుజం మీద పడింది. లోపల ఇనుము తుప్పు పట్టి పొట్టు రాలుతోంది. గోడకు మేకు దిగ్గొడితే సున్నం పొడి కారింది. ఇంటాయనకు చెబితే, పదహారేళ్లుగా లేని ఉయ్యాల ఇప్పుడెందుకన్నాడు. ఇక స్టాండు కట్టాల్సిందే. అదీ విడదీసేదై ఉండాలి. వాన పెద్దదైతే మేడ మీదున్న రేకుల షెడ్డులోకి ఎక్కించాలి, మా మెట్లు మధ్యలో మలుపు తిరిగి ఇద్దరు ఎదురెదురుగా పట్టనంత ఇరుకు.

ఫోన్‌లో ఎవరో విదేశీయుడు ఉయ్యాల స్టాండు చేస్తున్న వీడియో చూశాను. తెల్లటి బట్టలు, చుట్టూ పచ్చటి గడ్డి, చేతిలో మిషను. చెమట చుక్క లేకుండా నాలుగు కర్రలు బిగించి, చివర్లో తాపీగా ఎక్కి పడుకున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ గడ్డి నా ఇంట్లో ఉంటే నాకు ఉయ్యాలెందుకు, దాని మీదే దొర్లేవాళ్లం. వాడెవడో నాకు నేర్పేదేంటని ఫోన్ పక్కన పడేశాను. ఆ వీడియో కాస్త శ్రద్ధగా చూసినా బాగుండేది.

నాకు తెలిసిన పద్ధతిలోనే కట్టాను. షెడ్డులో మిగిలిన సరుగుడు కర్రలు ఏరుకున్నాను. రెండు చివర్లా కత్తెరలా వేసిన రెండేసి కాళ్లు, కాళ్ల మధ్య అడ్డంగా ఒక్కో కర్ర, పైన కత్తెర సందుల్లో ఆనేలా తొమ్మిదడుగుల దూలం. మొత్తం మూడు ముక్కలు. విడదీస్తే ఒక్కణ్నే మెట్లెక్కించగలను. ముడుల దగ్గర మా పనిలో అందరూ చేసేదే చేశాను. కొబ్బరి పీచును పీఓపీలో, అంటే తడిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి, ముడి చుట్టూ గట్టిగా చుట్టి, చేత్తో నున్నగా రాశాను. పావుగంటలో రాయిలా బిగుసుకుంటుంది. ఎంతెంత పెద్ద విగ్రహాలు ఆ ముడుల మీదే నిలబడతాయి. కట్టడం అయ్యాక మా పద్ధతిలోనే పరీక్ష పెట్టాను. దూలం మీద రెండు ఇసుక బస్తాలు వేసి ఒక పూట వదిలేశాను. వెంట్రుకంత కూడా కుంగలేదు.

దాన్ని ఇంటికి తెచ్చి, వల కట్టి, ఆమెను ఎత్తి అందులో పడుకోబెట్టిన రోజు నా గొప్పలు వినాలి. ఈ చేతులకు దేవుడినే నిలబెట్టడం వచ్చు, నువ్వెంత అన్నాను. ఖాలా వచ్చి, చుట్టూ తిరిగి చూసి, ఊగుతుందా అని అడిగింది. ఊగడానికి కాదు, పడుకోవడానికి అని చెప్పాను. నిజంగానే రెండు వారాలు బాగా గడిచాయి. నల్లుల దద్దుర్లు మానాయి, పుండు అంచుల్లో ఎర్రగా కొత్త కండ వస్తోందని ఖాలా సంతోషించింది. నేను మాత్రం పాలప్యాకెట్ కోసం అరగంట తిరుగుతూనే ఉన్నాను. స్టాండు కట్టి ఇచ్చాను కదా, నా వంతు అయిపోయిందని లోపల ఒక ధీమా.

సీజన్ ముదిరి షెడ్డులో ఊపిరాడని పని ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. గంటైనా తగ్గలేదు. నేను పని వదిలేసి బయలుదేరాను. పురానాపూల్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ఇంటికి చేరేసరికి గల్లీలో మోకాళ్ల లోతు, గదిలో పిక్కల దాకా. ఖాలా ఇంటికి తాళం. బార్కస్‌లో పెళ్లికి పొద్దున్నే పోయింది. నా భార్య ఒక్కతే, ఆకుపచ్చ వలలో, నల్లటి నీళ్లకు రెండు జానల పైన, కట్టుతో ఉన్న కాలిని ఇంకా పైకి పెట్టుకుని ఉంది. పొడిగా ఉంది. చుట్టూ చెప్పులు తేలుతున్నాయి, ఎవరిదో పిల్లవాడి డైపరు ఒకటి ఉబ్బిపోయి బియ్యం డబ్బాకు తగులుతోంది.  అయినా ఆమెను చూసి నా ఛాతీ పొంగింది.

నెమ్మదిగా దింపి మెట్ల మీదికి చేర్చి, తర్వాత స్టాండు విప్పుకుని పోతే అయిపోయేది. అదీ చేయలేదు. ఆమె ముఖం భయంతో పీక్కుపోయి ఉంది, ఒకసారి నవ్విద్దామనుకున్నాను. చూసినవా నా పనితనం అంటూ వల అంచు పట్టుకుని ఒక ఊపు ఊపాను. వద్దయ్యా, ఊపకు అంది. ఇంకోటి ఊపాను.

పెంకు పగిలినట్టు చిన్న చప్పుడు. రెండు గంటలుగా నీళ్లలో నానిన అడుగు ముడి బీటలు వారింది. పీఓపీ నీళ్లలో కరగదని చెరువుల దగ్గర లోకమంతా మమ్మల్ని తిడుతుంది. కరగదు, నిజమే. నానితే మాత్రం బలం పోతుంది, బరువు పక్కకు లాగితే పటుక్కుమంటుంది. కాళ్లు రెండూ చెరో వైపు జారాయి, దూలం నా భుజాన్ని గీరుకుంటూ పడింది. నా భార్య వలతో సహా ఆ నీళ్లలో కూర్చుండిపోయింది. కట్టు కట్టిన కాలు మునిగింది.

ఎలా ఎత్తానో తెలియదు. వంటగట్టు మీద కూర్చోబెట్టాను. ఆమె నీళ్లలో తేలుతున్న కర్రముక్కను చూస్తూ మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, నాకు సుత పదకొండు దినాలకే కట్టినవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లుగా నా చేతులు కట్టినవన్నీ పదకొండు రోజులు నిలబడి నీళ్లలో పడాల్సినవే. అంతకుమించి నిలబడాల్సిన వస్తువును నేను ఒక్కటీ కట్టలేదు. ఆ సంగతి నాకు కూడా అప్పటిదాకా తట్టలేదు, ఆమెకు ఎప్పట్నుంచి తెలుసో.

కట్టు నల్లటి నీళ్లు పీల్చుకుని ఉబ్బింది. ఖాలా లేదు, ఆటో రాదు. డాక్టరు మాట చెవిలో మోగుతోంది. కొంగు లాక్కుని కాలు కప్పుకోబోయింది. "నువ్వు సూడకు. మల్ల తిండి తినలేవ్. ఖాలా వస్తది తియ్," అంది.

ఖాలా రాత్రికి గానీ రాదు. గోడ అల్మరాలో పైఅరలో ఆమె పెట్టిపోయిన సెలైన్ సీసాలు, దూది, మందు ఉన్నాయి. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. కట్టు విప్పాను. చివరి పొర పుండుకు అంటుకుని ఉంది, సెలైన్ పోస్తూ కొద్దికొద్దిగా తీశాను. లోపల పసుపు, దాని కింద ఎరుపు, ఒక పక్క నలుపు. మురికి నీళ్ల కంపు, పుండు కంపు కలిసిపోయాయి. నాకు డోకు వచ్చింది. పక్కకు తిరిగి ఆ నీళ్లలోనే కక్కుకున్నాను. ఛీ, ఆమె ముందే. మూతి తుడుచుకుని, మళ్లీ చేతులు కడుక్కుని, మళ్లీ మొదలుపెట్టాను. ఖాలా ఎలా చేస్తుందో నేనెప్పుడూ చూడలేదు కాబట్టి ఆమెనే అడగాల్సి వచ్చింది. లోపలినుంచి బయటికి తుడవాలంది, దూది ఒకసారి వాడింది మళ్లీ వాడొద్దంది. రెండు సీసాలు ఖాళీ చేశాను. అంతసేపూ ఆమె నా ముఖంలోకే చూసింది.

మర్నాడు నీళ్లు తగ్గాక దవాఖానకు తీసుకుపోయాను. రెండు రోజులు చూసి, చిటికెన వేలు తీసేశారు. పాదం మిగిలింది. పుండు అప్పటికప్పుడు ఎవరు కడిగారని డాక్టరు అడిగితే, నేనే అన్నాను. ఇకముందు కూడా రోజూ అలాగే కడగాలన్నాడు. మెచ్చుకున్నాడని నేను అనుకోలేదు. వేలు పోయింది నా మొల వల్ల, నా ముడి వల్ల, నా రెండో ఊపు వల్ల. దవాఖాన ట్రేలో తీసిపెట్టిన వేలును చూసినప్పుడు నాకు కలిగిన రోత దాని మీద కాదు.

రెండో స్టాండు ఇనుముతో చేశాను. పాతసామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో పైపులు దొరికాయి. ఒక పైపును నేలకు కొడితే లోపలినుంచి ఎండిన బొద్దింకలు గుప్పెడు రాలాయి. వాటిని సోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి, మా షెడ్డు పక్కన వెల్డింగ్ చేసే అతని దగ్గరికి మోసుకుపోయాను. పాతది ఎలా పడిందో చెప్పమన్నాడు. చెప్పాను. ఇసుక బస్తాల పరీక్ష గురించి కూడా చెప్పాను. అతను నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"అన్నా, నీ లెక్కంత నిలబడేదానికి. గిది ఊగేది. మనిషన్నంక కదుల్తది గదా," అన్నాడు.

ముడులకు బదులు బోల్టులు, చేత్తో తిప్పి విప్పుకునే నట్లు. కాళ్లు విడిపోకుండా అడుగున గొలుసు. విగ్రహానికైతే కింద పీట ఉంటుంది, కాళ్లు జారడమనే మాటే నా ఆలోచనలోకి రాలేదు. గొలుసు బిగించాక ఇసుక బస్తాలు అడగబోయాను. అతను నన్నే ఎక్కి పడుకోమన్నాడు. గల్లీ నడిబొడ్డున, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా, ఆకుపచ్చ వలలో పడుకున్నాను. అతను కాలితో తన్ని ఊపాడు, మళ్లీ మళ్లీ, నా తల తిరిగేదాకా. నిలబడింది. ఆ పూటే విప్పి, పైపులు రెండు మోపులుగా కట్టి ఇంటికి తెచ్చాను.

ఇప్పుడు కట్టు మార్చేది నేను. ఖాలా మొదటి వారం పక్కన కూర్చుని తప్పులు పట్టింది, తర్వాత చాయ్ తాగడానికి మాత్రమే వస్తోంది. పాలప్యాకెట్ రెండు నిమిషాల్లో తెస్తున్నాను. రోత పోయిందా అంటే, పోలేదు. వాసన తగలగానే ఇవాళ కూడా కడుపులో దేవుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మని, తానేమీ అనుకోనని ఆమె చెప్పింది. కొన్నాళ్లు కట్టుకున్నాను కూడా. మా గల్లీ మీద, మ్యాన్‌హోల్ మీద, పెచ్చులు రాలే స్లాబు మీద నా తిట్లు అలాగే ఉన్నాయి. మొన్న కూడా పొంగింది. స్టాండు విప్పి మేడ మీదికి ఎక్కించి, అక్కడ బిగించి, ఆమెను వీపు మీద మోసుకుపోయాను. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టింది.

చొక్కా ఇప్పుడు గడప బయటే విప్పి, జేబులు దులిపి, లోపలికి తెస్తున్నాను.

నిన్న సాయంత్రం అలాగే దులుపుకుని గదిలోకి అడుగుపెట్టాను. ఆమె ఉయ్యాలలో నిద్రపోతోంది. కట్టు లేదు, రోజూ కాసేపు గాలి తగలనివ్వమని డాక్టరు చెప్పాడు. నాలుగు వేళ్ల పాదం వల అంచు మీంచి దారికి అడ్డంగా బయటికి ఉంది. నా అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచి నన్ను చూసింది. చెయ్యి అలవాటు కొద్దీ కొంగు దాకా పోయింది. కొంగుతో ముఖానికి పట్టిన చెమట తుడుచుకుని, కాలు అక్కడే ఉంచి, మళ్లీ కళ్లు మూసుకుంది.